ఎత్తిన చెయ్యి

"ఆడ కాదు ప్రేమా, ఆ గీత కొట్టేసి మళ్లా రాయి. పోయిన వారం యాడ ఆపినాం? జీవరత్నం సారు మద్దిలేటిని నిలబెట్టి, మూడోసారి నోరు తెరిస్తే నీకింక బంతి లేదు అన్న కాడ గదా. ఇప్పుడు మొదట్నించీ మళ్లా పట్టుకో. నా మాటలు నువ్వెట్లన్నా దిద్దుకో పాపా, చదివేటోళ్లకి తెలియాల. మనుషులు మాట్లాడింది మాత్రం మాట్లాడినట్టే పెట్టు."

అది యాభై ఆరో సంవత్సరం. ఉగాది ఇంకో పది రోజులుందనగా వచ్చిన ఆదివారం. నంద్యాలలో రామనాథం శెట్టి పత్తి మిల్లు వెనక మైదానంలో మా జట్టుకీ డోన్ జట్టుకీ క్రికెట్ పందెం. పిచ్ మీద పరిచే చాప శెట్టిది, బంతి శెట్టిది, అందుకని కెప్టెన్ కూడా శెట్టే. ఆయనకి బ్యాటు పట్టడం రాదు, బంతి వేయడం రాదు. కానీ ఎవరికి ఏది వచ్చో కనిపెట్టే కన్ను మాత్రం ఉంది.

ఆ కంటికే మద్దిలేటి దొరికాడు. యాభై మూడులో శెట్టి కారు ఆళ్లగడ్డ అవతల టైరు పగిలి ఆగింది. పక్కనే జొన్నచేను. చేన్లో మంచె. మంచె మీద పాతికేళ్ల మనిషి వడిసెలలో రాయి పెట్టి తిప్పి పిట్టల్ని తోలుతున్నాడు. నూరు గజాల అవతల కంకి మీద వాలిన చిలక, రాయి దగ్గరగా పోయేసరికి లేచిపోయింది. కంకి కదల్లేదు. శెట్టి చూశాడు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. టైరు బిగించాక ఆ మనిషిని కార్లో కూర్చోబెట్టుకుని తెచ్చేశాడు. వడిసెల తిప్పే చెయ్యి మోచేతి దగ్గర వంగుతుంది. బంతి వేసే చెయ్యి వంగకూడదు. విరిగిన ఎముకలకి కట్టు కట్టే ఆయన దగ్గరికి పోయి, బాగున్న చేతికే వెదురుబద్దలు కట్టించుకుని, మూడు నెలలు ఆ కట్టుతోనే బంతి వేశాడు మద్దిలేటి. కట్టు విప్పాక ఆ చెయ్యి గడకర్రలాగా తిరిగింది. మిల్లులో అతను కాపలాదారు అని పేరు. కాపలా కాసింది ఒక్క దినమూ లేదు. బంతి వేయడమే అతని కొలువు. మా వైపు ఆటకి జీతం తీసుకున్న మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. మిగతావాళ్లం సరదాకి ఆడేవాళ్లం. మాలో చదువుకున్నవాళ్లు అతన్ని పేరుతో పిలిచేవాళ్లు కాదు, కూలికాడు అనేవాళ్లు. బంతి చేతికిచ్చేటప్పుడు మాత్రం మద్దిలేటీ అనేవాళ్లు.

నేను కీపర్ని. మేస్త్రీల దగ్గర గోడ మీద నిలబడి, కింద నుంచి విసిరే ఇటుకల్ని పట్టడం నా పని. ఇటుకని పట్టేవాడికి బంతి ఒక లెక్కా అని శెట్టి నన్ను వికెట్ వెనక నిలబెట్టాడు. మద్దిలేటి బంతి పట్టిన మొదటి రోజు తెలిసింది, ఇటుకే మెత్తన అని.

అతని చేతిలో తప్పు లేదు. నోట్లో ఉంది. బంతి వదిలే ముందు "హోయ్!" అని మైదానం అదిరేలా కేక పెట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మూడేళ్లు నవ్వి ఊరుకున్నారు. డోన్ కెప్టెన్ నరసింహులు ఊరుకోలేదు. ఆయన రైల్లో గార్డు. పచ్చజెండా ఊపందే ఏదీ కదలకూడదు అనే మనిషి.

"ఏమప్పా, నేను నీకు చిలక మాదిరి కనబడతాండానా? తోలుతాండావే!" అని బ్యాటు కింద పెట్టేశాడు.

అంపైరు జీవరత్నం సారు బడిపంతులు. ఎదుటివాడు ఆడబోతుంటే అరవడం చట్టానికి ఒప్పదు అన్నాడు. రెండుసార్లు అరిస్తే రెండుసార్లూ ఆ బంతి లెక్కలోకి రాదన్నాడు. మూడోసారి నోరు తెరిస్తే నీకింక బంతి లేదు అని మద్దిలేటిని నిలబెట్టి చెప్పాడు. ఆ తర్వాత మద్దిలేటి నోరు బిగబట్టుకుని నాలుగు బంతులు వేశాడు. నాలుగూ ఎండిన పిడకల్లాగా వచ్చి పడ్డాయి. నరసింహులు నాలుగింటినీ గోడ అవతలికి పంపాడు. టీ తాగడానికి ఆట ఆపేసరికి మా నూట పద్దెనిమిదికి వాళ్లు డెబ్బై ఒకటి. నాలుగు వికెట్లే పడ్డాయి.

పత్తి బేళ్ల నీడలో అందరం కూర్చున్నాం. శెట్టి కూర్చోలేదు.

"ఏమిరా మద్దిలేటీ, నోరు మూసుకోని బంతి ఎయ్యలేవా? నోట్లో నుంచి వస్తాందా ఏంది బంతి?"

మద్దిలేటి బంతికి అంటిన దుమ్ము తుడుస్తున్నాడు.

"నీ నోటికి నేను జీతం ఇయ్యడం లేదు. చేతికిస్తాండా. ఈ పొద్దు సారు నిన్ను నిలబెట్టేసినాడంటే, రేపు పొద్దున్న ఆళ్లగడ్డ బస్సు ఎక్కు. మంచె నీకోసరం ఆడ్నే ఉంటాది. చిలకలు గూడా."

పక్కనున్నవాళ్లు నవ్వారు. జీవరత్నం సారు నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టి అడిగాడు.

"మద్దిలేటీ, నేను ఎగతాళికి అడగడం లేదు. ఎందుకు అరుస్తావు? కారణం ఉంటే చెప్పు."

"ఏం లేదు సారూ. అలవాటు."

"అలవాటయితే మానుకో."

"మానుకునేది గాదు సారూ."

అలవాటయితే ఎందుకు మానుకోలేడు? నాకు అప్పుడు అర్థమైంది, ఇందులో ఏదో ఉందని. అతను లేచి బేళ్ల వెనక్కి పోయాడు. నేను వెంటపడ్డాను. చెయ్యి గోడకి ఆనించి నిలబడి ఉన్నాడు.  

"సుబ్బన్నా, నేను పోతా లే. శెట్టికి చెప్పు. మంచె మీదనే నాకు బాగుండ్య."

"మంచె సంగతి మళ్లా. ఆ కేక సంగతి చెప్పు ముందు."

 గోడకి చెప్తున్నట్టు మొదలుపెట్టాడు.

"వడిసెలకి ఒక పద్ధతుండాది అన్నా. జొన్న మనిషి కన్నా ఎత్తు. లోపల ఎవురున్యారో మంచె మీదికి కనపడదు. అందుకని రాయి వదిలే ముందర కేక పెట్టాల. గట్టు మీద ఒక మనిషుంటాడు. కేక ఇని, సాళ్లెంబడి చూసి, ఎవురూ లేరంటే చెయ్యెత్తుతాడు. ఆ చెయ్యి చూసినాకనే వదలాల. గట్టు మీద మనిషి లేకుంటే కేక పెట్టి, మూడు తిప్పులు తిప్పి, ఆ లోపల ఎవురూ పలకకుంటే వదలాల. మా నాయన నాకు రాయి కన్నా ముందు కేక నేర్పిచ్చినాడు."

"మంచి పద్ధతే గదప్పా."

"మంచిదే. నాకు పదహైదేండ్లప్పుడు పెద్ద మొనగాణ్ణని అనుకున్యా. కేక పెడితే చిలక ముందే లేచిపోతాది. ఎగిరేదాన్ని కాదు, కూర్చున్యదాన్ని కొట్టాలని ఉండ్య. ఒక పొద్దు కేక పెట్టలా." గోడ మీద నుంచి చెయ్యి తీశాడు. "మా చెల్లెలు లీలావతి సంగటి తెస్తాంది. ఎనిమిదేండ్ల పిల్ల. సాళ్లలో అడ్డంబడి వచ్చింది, అన్నకి ఆకలైతాదని. చిలకకి తగల్లేదు సుబ్బన్నా. ఎడమ కన్ను."

నేను పక్కనున్న బేలుకి ఆనుకున్నాను.

"ఆ పిల్ల ఏడవలేదు. సంగటి కింద పడలేదు అన్నా, గట్టిగా పట్టుకోనింది గిన్నె. నేను ఎత్తుకోని పోతాంటే నా చెవిలో అడిగింది, 'నువ్వు కేక పెట్టలేదా అన్నా, నాకు ఇనపడలేదా?' అని. తన చెవుల్దే తప్పేమో అనుకునింది. ఆ పొద్దు ఆ పిల్ల చెయ్యి పట్టుకోని చెప్పినా. ఇంక నోరు పలకందే చెయ్యి వదలను అని. రాయి గానీ, బంతి గానీ, ఏదన్నా గానీ."

అవతల శెట్టి గొంతు వినిపిస్తోంది. ఆట మొదలుపెట్టాలని తొందర పెడుతున్నాడు.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. కానీ ఇటుకలు పట్టే మనిషికి ఒక సంగతి తెలుసు. కింద విసిరేవాడు మేము చెయ్యి చాపందే విసరడు. అరిచేది ఎవరూ లేరక్కడ. చూపులతోనే పని జరిగిపోతుంది. ఆ మాట నాకు తట్టింది.

"మద్దిలేటీ, కేక ఎందుకు పెడతావు? గట్టు మీదోడు చూసి చెప్పాలని గదా?"

"ఊ."

"ఈడ గట్టు మీద మనిషిని నేనే గదా. బ్యాటోని వెనకాలే ఉంటా. నువ్వు అడగాల్సిన పని లేదు. నేనే చూసి, ఆయన తయారైనాడంటే చెయ్యెత్తుతా. ఎత్తినాక నువ్వు వదులు."

తల అడ్డంగా ఊపాడు. "నోరు పలికినాకనే అని మాటిచ్చినా అన్నా."

"నోటికియ్యలేదప్పా, ఆ పిల్లకిచ్చినావు. ఆ పిల్ల కన్ను కేక లేక పోలేదు. ఎవురూ చూడక పోయింది. నేను చూస్తా."

మద్దిలేటి మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"అయితే ఒకటి ఇను సుబ్బన్నా. ఊరికే ఎత్తగూడదు. చూసినాకనే ఎత్తాల. నువ్వు చెయ్యెత్తినావంటే నేనింక ఆయన పక్క చూడను. వికెట్ పుల్లల్నే చూస్తా. వదిలేస్తా."

"సరే."

"మా లీలా మీద ఒట్టు."

"సరేనప్పా, ఆ పిల్ల మీద ఒట్టు."

జీవరత్నం సారు దగ్గరికి పోయి చెప్పాను. కన్ను సంగతి చెప్పలేదు. కేకకి బదులు నా చెయ్యి అని మాత్రం చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఆలోచించాడు.

"చేతికి చప్పుడు లేదు. చట్టం అడ్డుపడదు. కానీ సుబ్బయ్యా, ఆ చెయ్యి ఎత్తేటప్పుడు జ్ఞాపకం పెట్టుకో. ఎదురుగా నిలబడినవాడి బాగోగులు ఇంక నీ పూచీ."

ఆ తర్వాత మద్దిలేటి వేసిన బంతుల గురించి ఎట్లా చెప్పాలి? ఎప్పుడు గుర్తొచ్చినా నా అరచేతులు ఇప్పటికీ మండుతాయి.

నేను చెయ్యెత్తాను. అతను పరుగెత్తుకొచ్చాడు. కేక లేదు. మిల్లులో యంత్రాలు ఆదివారం ఆగి ఉంటాయి. మైదానం అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అతని పాదాల చప్పుడు, ఊపిరి చప్పుడు, అంతే. కేకలో ఖర్చయిపోయే గాలంతా బంతిలోకి పోయినట్టుంది. కొబ్బరిపీచు చాప మీద పడి లేచేటప్పుడు బుస్సుమంది. బ్యాటు కిందికి దిగేలోపలే వెనక పుల్ల గాల్లో తిరుగుతోంది.

శెట్టి ఎగిరి గంతేశాడు. ఆయన గంతెయ్యడం నేను అంతకు ముందు చూడలేదు. పంచె సర్దుకుంటూ అరిచాడు. "ఇంగోటి! ఇంగోటి!"

ఇంకోటీ పడింది. దాని తర్వాత ఇంకోటి. అతను ఒక్కసారి కూడా బ్యాటు పట్టుకున్నవాడి వైపు చూడలేదు. నా చెయ్యినే చూసేవాడు. చెయ్యి లేవగానే అతని మొహంలో ఒక నెమ్మది వచ్చేది. గట్టు మీద మనిషి ఉన్నాడు అనే నెమ్మది. చేతిలో అంత బలం ఉన్నవాడు ఎదుటివాడికి దెబ్బ తగులుతుందేమోనని అంత భయపడటం, ఆ భయాన్ని మూడేళ్లుగా ఎవరికీ చెప్పకుండా నవ్వించుకుంటూ మోయడం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. బలంగా విసిరేవాళ్లు వీధికొకడు ఉంటాడు. చూసి విసిరేవాడు ఒక్కడే దొరికాడు నాకు.

కూలికాడు అన్న నోళ్లే మద్దిలేటీ, మద్దిలేటీ అని కేకలు పెట్టాయి. అతను కేక మానేశాడు, ఊరు పట్టుకుంది.

వాళ్లవి తొమ్మిది వికెట్లు పడ్డాయి. గెలవడానికి ఇంకా ఆరు పరుగులు కావాలి. అటు చివరి మనిషి. ఇటు నరసింహులు కుదురుకుని నిలబడి ఉన్నాడు. మనిషి మొండి అయినా మొగవాడే. నా వైపు తిరిగి అన్నాడు.

"ఏమప్పా కీపరూ, ఆయప్ప అరిచేది మేలు. ఇప్పుడు దయ్యం మాదిరి వస్తాది బంతి."

"జెండా నేను ఊపుతాండా గదన్నా, భయపడొద్దు" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా కనపడుతుంది.

ఎండ పడమటికి దిగి నేరుగా నా మొహం మీద కొడుతోంది. పొద్దున్నుంచీ వంగి లేచి నడుము విరిగిపోతోంది. తలగుడ్డ తడిసి చెమట కళ్లల్లోకి కారుతోంది. మద్దిలేటి దూరంగా తన గుర్తు దగ్గర నిలబడి నా చెయ్యి కోసం చూస్తున్నాడు. నరసింహులు బ్యాటు ఆనించాడు. నేను ఎత్తబోయాను. అంతలో ఆయన ప్యాడు పట్టీ ఊడింది. "ఉండప్పా" అని గొణుక్కుంటూ, పుల్లల ముందరే కిందికి వంగి పట్టీ బిగించుకుంటున్నాడు. తల సరిగ్గా పుల్లల ఎత్తులో ఉంది.

నేను చెయ్యెత్తలేదు. ఆగాను. అది నిజం.

అప్పుడే చెమట చుక్క ఒకటి కుడి కంట్లో పడింది. నిప్పు పడ్డట్టు మండింది. ఏమీ కనపడలేదు. మోచేత్తో తుడుచుకుందామని చెయ్యి పైకెత్తాను.

చెయ్యి పైకెత్తాను.

పాదాల చప్పుడు వినిపించాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. కళ్లు తెరిచేసరికి అతను సగం దూరం వచ్చేశాడు. చూపు పుల్లల మీద. పుల్లలకీ అతనికీ మధ్య వంగిన తల. నరసింహులు ఇంకా పట్టీ లాగుతున్నాడు. నేను అరిచేలోపలే అతను గీత దగ్గరికి వచ్చేశాడు. 

అతని చెయ్యి పైకి లేచింది. ఆ ఆఖరి క్షణంలో చూశాడు. బంతి వేళ్లని వదిలేసింది, వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. దాని వెంటే కేక వచ్చింది.

"హోయ్!"

అట్లాంటి కేక నేను మళ్లీ వినలేదు. అది గట్టు మీద మనిషిని అడిగే కేక కాదు. పదహైదేళ్ల వయసులో పెట్టకుండా మింగేసిన కేక. నరసింహులు తల ఎత్తి కూడా చూడలేదు. ఆ కేకకి ఒళ్లే కదిలి పక్కకి పడిపోయాడు. బంతి ఆయన చెవి పక్కనుంచి పోయి నడిమి పుల్లని విరిచింది. విరిగిన ముక్క నా భుజానికి తగిలి కింద పడింది.

 నరసింహులు నేల మీద నుంచే తల తడుముకుని చూసుకున్నాడు. నెత్తురు లేదు.

ముందు శెట్టికే తెలివొచ్చింది. "పుల్ల పడింది! గెలిచినాం!" అంటూ నా దగ్గరికి ఉరికొచ్చాడు. చెవిలో మాత్రం వేరే మాట చెప్పాడు. "నోరు మెదపద్దు సుబ్బయ్యా. తప్పుగా చెయ్యెత్తినానని చెప్పినావంటే ఈ పుల్ల లెక్కకి రాదు, ఆట పోతాది, నీ కీపరు పనీ పోతాది."

నరసింహులు లేచి దుమ్ము దులుపుకున్నాడు. "నేను వంగి ఉంటే ఏసినాడు సారూ. కావాలనే ఏసినాడు. కూలికి ఆడేటోనికి మనిషి పానం లెక్కా?"

మద్దిలేటి చాప మధ్యలో నిలబడిపోయాడు.  తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. అడుగుతున్నట్టు. ఎనిమిదేళ్ల పిల్ల అన్నని అడిగినట్టు.

జీవరత్నం సారు మెల్లగా నడిచి వచ్చాడు. కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను మద్దిలేటి పాదం చూస్తున్నాను. నీ చెయ్యి కనపడలేదు. సుబ్బయ్యా, నువ్వు చెయ్యెత్తావా, లేదా?"

ఎత్తానంటే అది నా పాపం. లేదంటే మద్దిలేటి నా చెయ్యి చూడకుండా మనిషి తల మీదికి బంతి వదిలినవాడవుతాడు, చెల్లెలికిచ్చిన మాట తప్పినవాడవుతాడు. శెట్టి వేళ్లు నా భుజాన్ని నొక్కుతున్నాయి.

నేను నోరు తెరిచాను.

"ఆపు ప్రేమా. ఈడ ఆపు. ఏం చెప్పినానో ఇప్పుడు రాయొద్దు. నువ్వు ముందు శిరివెళ్లకి పో. ఆడ లీలావతవ్వ ఉంటాది. ఆ ఒక్క కంటికి గూడా ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదంట. పక్కన కూర్చోని ఇదంతా ఒక్క మాట వదలకుండా చదివి ఇనిపిచ్చు. మెల్లగా చదువు. ఆ చెమట కాడ ఇంగా మెల్లగా చదువు. ఆ పొద్దు వాళ్లన్న మాట తప్పినాడనే ఆయమ్మ ఇన్నేండ్లూ అనుకుంటాంది. ఎత్తిన చెయ్యి నాదని ముందు ఆయమ్మకి తెలియాల. ఆ మిగిలింది ఆ తరవాత చెప్తా."